కాలినీలాలు

లెస్కాలియే,
మే నెల, 1909.

పూజ్యురాలైన అక్కకి తమ్ముడు మునుస్వామి నమస్కారాలు. బావకి కూడా నమస్కారమే, కాస్త చిన్నది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఇద్దరమంటే నేనూ, గుర్రమూ. పాపమ్మ కూడా బాగానే ఉంది గాని, ఏం రాస్తున్నావని అడిగితే ఈ ముక్క చదివి వినిపించాను. "పెళ్ళాం పేరు గుర్రం తరవాతా?" అని మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది.

అక్కా, ఇన్నాళ్ళూ నేను గుర్రాలనుకుని మేత వేసినవి గుర్రాలు కావు. మొన్న మా ఎస్టేటు దొర ముస్యే పియర్ ఆస్ట్రేలియా నుంచి ఓడలో తెప్పించాడే, అదీ గుర్రమంటే! స్కాట్లండు జాతిదట. ఆడగుర్రం. లాయం గుమ్మంలో నిలబడిందంటే లోపల చీకటి పడుతుంది. మూడు కంచరగాడిదలు కలిసి లాగే చెరుకు బండిని ఒక్కతే ఆవులిస్తూ లాగేస్తుంది. ఆ బలం ఒక ఎత్తు, దాని కాళ్ళ అందం ఒక ఎత్తు. మోకాళ్ళ కింద మొదలై డెక్కలు కప్పేసేదాకా తెల్లటి పొడుగాటి వెంట్రుకలు. నడుస్తుంటే పట్టుచీర కుచ్చిళ్ళలా అటూ ఇటూ ఊగుతాయి. దొర దానికి బ్లాంష్ అని పేరు పెట్టాడు. బ్లాంష్ అంటే తెల్లది అని. ఒళ్ళంతా బెల్లం రంగు పెట్టుకుని తెల్లదేమిటి? నేను కుచ్చిళ్ళమ్మ అని పిలుస్తున్నాను. రెండు పేర్లకీ పలుకుతుంది. చేతిలో బెల్లం ఉంటే నీ పేరుకి కూడా పలుకుతుంది.

దాని భారమంతా నా మీదే పెట్టాడు దొర. లాయంలో వాళ్ళనందర్నీ వరసగా నిలబెట్టి, "పా తూష్ సిజో!" అని కేక పెట్టాడు. కత్తెర ముట్టుకోవద్దని. ఆ వెంట్రుకలే దాని జాతికి గుర్తట. ఒక్కటి తగ్గినా నన్నే అడుగుతాడట.

నేను ఎలా చూసుకుంటున్నానో తెలుసా? సాయంత్రం పొలం నుంచి రాగానే గుమ్మం దగ్గర ఆపేస్తాను. నాలుగు కాళ్ళకీ బిందెలతో నీళ్ళు పోసి, కుచ్చిళ్ళలో మట్టి రవ్వంత లేకుండా కడిగి, అప్పుడు లోపలికి తోలుతాను. అమ్మ మనల్ని కాళ్ళు కడుక్కోకుండా ఎప్పుడైనా గడప దాటనిచ్చిందా? గుర్రమైతే మాత్రం ఏం, ఇంటికి వచ్చిన ఆడపిల్లే కదా. కడిగాక ఆ కుచ్చిళ్ళ కొసల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతుంటే చూడాలి! మిగతా లాయం వాళ్ళు అసూయతో చస్తున్నారు.

బావకి చెప్పు, ఇంత వెంట్రుక ఆయన జన్మలో చూసి ఉండడు.

మీ తమ్ముడు,
మునుస్వామి.

*

లాల్మతీ,
జూన్ నెల.

చిరంజీవి మునుస్వామికి అక్క అంకమ్మ దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ గుర్రం బాగానే ఉంది. నువ్వు వేళకి తింటున్నావా, నీ దగ్గు తగ్గిందా అన్న సంగతి ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను, లేదు. నాన్న మనిద్దరికీ పీట మీద బూడిద పోసి అక్షరాలు దిద్దించింది గుర్రాల కాళ్ళ గురించి రాసుకోవడానికా? పాపమ్మకి నా మాటగా చెప్పు, వాడు చిన్నప్పుడు మేకపిల్లతో కూడా ఇలాగే ఉండేవాడని.

కాళ్ళు కడిగి లోపలికి తోలుతున్నానన్నావు చూడు, అది చదివి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో! ఓడ దిగి ఈ ద్వీపానికి వచ్చి, తాటాకు పాకలో కాపురం పెట్టినా గుమ్మంలో నీళ్ళ చెంబు మాత్రం మానలేదు ఆవిడ. మానకు నాయనా.

మీ బావ సంగతి తెలుసుగా. లాల్మతీ బజారులో కుర్చీ వేసుకుని ఊళ్ళో మగాళ్ళందరి తలలూ తన చేతిలో ఉన్నాయని ఆయన ధీమా. నీ ఉత్తరం వినగానే చేతిలో కత్తెర ఆడిస్తూ, "నాలుగు కాళ్ళకీనా? ఒక్కదానికి కూడా పెట్టకూడదా?" అని అడిగాడు. రాత్రి అన్నం దగ్గర మళ్ళీ అడిగాడు. ఇంకో మాట కూడా రాయమన్నాడు: దొర గుర్రానికి కాళ్ళ మీద కుచ్చిళ్ళు, మునుస్వామికి పెదవి మీద కుచ్చిళ్ళు, పాపం లెస్కాలియేలో దువ్వెనలు చాలుతున్నాయా అని. ఎగతాళి చేయకండి, మా తమ్ముడి మీసం మా పుట్టింటి పరువు అన్నాను.

అక్క,
అంకమ్మ.

*

లెస్కాలియే,
జూలై.

అక్కకి నమస్కారాలు.

ఈ ఉత్తరంలో నవ్వులు లేవు. కుచ్చిళ్ళమ్మకి బాగోలేదు.

చెరుకు నరికే రోజులు మొదలయ్యాయి. మన ద్వీపంలో జూలై చలి తెలుసుగా, ఎప్పుడు చూసినా సముద్రం వైపు నుంచి చలిగాలి, గాలి వెంట తుంపర. పొలం దారులన్నీ ఎర్ర బురద. పోయిన వారం వెనక కాళ్ళు కొంచెం వాచాయి. బరువెక్కువై ఉంటుందిలే అనుకున్నాను. తరవాత ముందు కాళ్ళు కూడా వాచాయి. ఇప్పుడు డెక్క నేల మీద ఆన్చడానికే ఏడుస్తోంది. కుచ్చిళ్ళ మీద చెయ్యి వేస్తే లోపల వేడిగా ఉంది, ఏదో వాసన కూడా వస్తోంది. వెంట్రుకలు పాయ తీసి చూద్దామంటే ముట్టుకోనివ్వదు. నేను ముట్టుకుంటే కూడా చెవులు వెనక్కి పెడుతోందక్కా.

దొర వచ్చి చూశాడు. కాళ్ళ వాపు చూడగానే ఆయన మొహం పాలిపోయింది. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. ఆ సుర్రా రోగం వచ్చిన ఏడు నువ్వు పుట్టింట్లోనే ఉన్నావు. ద్వీపంలో గుర్రాలూ ఎడ్లూ పిట్టల్లా రాలిపోయాయి. నాన్న ఎడ్లకి కూడా ముందు కాళ్ళే వాచాయి. వాటిని తోలుకుపోయి కాల్చి సున్నం గోతిలో వేస్తే, నాన్న ఖాళీ కాడి పట్టుకుని సాయంత్రం దాకా పెరట్లోనే నిలబడ్డాడు. దొర లాయం కూడా ఆ ఏడే ఖాళీ అయిపోయింది. అందుకే ఆయన కుచ్చిళ్ళమ్మని పాత చెరుకు కొట్టంలో విడిగా కట్టేయించాడు. పట్నం నుంచి పశువుల డాక్టరు వచ్చే సోమవారం వస్తాడట. సుర్రా అని తేలితే మిగతా వాటికి అంటకముందే అక్కడికక్కడే కాల్చేస్తారు. దొర తుపాకీ తీసి నూనె రాసి వరండాలో పెట్టాడు. పొద్దున్నే పనికి వెళ్ళాలంటే దాని పక్కనుంచే వెళ్ళాలి.

నేను మాత్రం నా చేతనైనది చేస్తున్నాను. ఇప్పుడు రోజుకి రెండుసార్లు కాళ్ళు కడుగుతున్నాను. ఎంత కడిగినా వాపు ఎక్కువవుతోందే గాని తగ్గడం లేదు.

నాకు ఏమీ తోచడం లేదు. ఏదైనా చెప్పు.

మునుస్వామి.

*

లాల్మతీ,
జూలై.

చిరంజీవి మునుస్వామికి,

దీవెనలు తరవాత. ముందు కళ్ళు తుడుచుకుని ఇది చదువు. రేపు పొద్దుటి రైలుకి అందేలా మీ బావే స్వయంగా స్టేషనుకి తీసుకెళుతున్నాడు.

నీ ఉత్తరం వినగానే ఆయన సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి కుర్చీ మడిచేశాడు. ఆ సగం గడ్డం అప్పలస్వామి ఇంకా మా అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. మీ బావ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "మహేబోర్గ్ వైపు చేపలు పట్టేవాళ్ళు కొంతమంది నా దగ్గరికి వస్తుంటారు. ఉప్పునీళ్ళలో తడిసిన గడ్డం ఆరకపోతే, దాని కింద చర్మం పగిలి పుళ్ళు పడతాయి. దవడలు వాస్తాయి. పైకి గడ్డం బ్రహ్మాండంగానే ఉంటుంది. గొరిగితే గాని పుండు కనపడదు, కనపడితే గాని మానదు. గుర్రానికి అదే అయి ఉంటుందని నేను చెప్పలేను, సుర్రా కాదనీ చెప్పలేను. కానీ ఆ వెంట్రుకలు తీయకుండా కింద ఏముందో ఆ డాక్టరు మాత్రం ఎలా చెపుతాడు?"

ఇదీ ఆయన మాట. దొర కత్తెర ముట్టుకోవద్దన్నాడని నువ్వు రాశావు. అందుకని నేను ఇంకో పని చేశాను. తలంటు పోసుకుని తడిబట్టతో మన కోవెలకి వెళ్ళి, సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను. "స్వామీ, మా తమ్ముడి గుర్రం బతికితే దాని నీలాలు నీకు సమర్పిస్తాం" అన్నాను. మీ బావ పక్కనుంచి, "గుర్రానికి తలనీలాలంటే ఎక్కడివే? జూలా, తోకా?" అన్నాడు. ఏవి పొడుగ్గా ఉంటే అవి, అన్నాను.

మొక్కు తీరాక కదా చెల్లించేది అంటావేమో. ఈసారి ముందే చెల్లిద్దాం. తీసుకున్నాక ఆయన మాత్రం ఎలా కాదంటాడు?

కాబట్టి విను. దొరని ఒప్పించడం నీ పని. కత్తిరించడం మీ బావ పని, శనివారం బయలుదేరి వస్తున్నాడు, రోజ్ బెల్ స్టేషనుకి బండి పంపు. దేవుడి సంగతి నేను చూసుకుంటాను.

అక్క.

*

లెస్కాలియే,
జూలై నెలాఖరు.

అక్కా, బతికింది. ముందు ఆ మాట చదువు. తరవాత కూర్చుని తక్కినదంతా చదువు.

నీ ఉత్తరం పట్టుకుని దొర వరండాకి వెళ్ళాను. ఆయన కాఫీ తాగుతున్నాడు. తుపాకీ ఒక పక్క, నేను ఒక పక్క.

"ముస్యే, మా అక్క మొక్కుకుంది," అన్నాను.

"ఏమని?"

"బ్లాంష్ కాలి వెంట్రుకలు మా దేవుడికి ఇస్తానని."

ఆయన కప్పు కింద పెట్టాడు. "మీ దేవుడికి గుర్రం కాలి వెంట్రుకలు ఎందుకోయ్?"

"ఎందుకో ఆయన చెప్పడు, ముస్యే. మేం మా తల వెంట్రుకలు ఇస్తాం. తలనీలాలంటాం. ఇవి... కాలినీలాలు."

ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో నాకే తెలియదు. దాచడం ఎందుకని బావ చెప్పిన గడ్డాల సంగతి కూడా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన తుపాకీ వైపు ఒకసారి చూశాడు. తరవాత, "నా గుర్రం వెంట్రుకలు ఇస్తానని మీ అక్క నన్ను అడక్కుండానే మాట ఇచ్చేసిందా?" అన్నాడు.

"మా అక్క ఎవర్నీ అడగదు, ముస్యే."

అప్పుడు నవ్వాడక్కా! పది రోజుల తరవాత ఆ మనిషి నవ్వడం అదే. తన కూతురికి జ్వరం వచ్చిన ఏడు, పిల్ల లేచి తిరిగితే వాళ్ళ పుణ్యపురుషుడు పెర్ లావాల్ ఫాదిరీ సమాధి దాకా చెప్పులు లేకుండా నడిచి వస్తానని ఆయనా మొక్కుకున్నాడట. నడిచాడట కూడా. "ప్రొమెస్ సె ప్రొమెస్," అన్నాడు. మాటంటే మాటే అని. "కానీ మునుస్వామీ, ఆ వెంట్రుకలు మళ్ళీ మొలవకపోతే నీ మీసం కత్తిరించి ఈ గోడకి మేకు కొట్టి పెడతాను." సరేనన్నాను. ఆ పూట తల అడిగినా సరేననేవాణ్ణే.

శనివారం సాయంత్రానికి బావ దిగాడు. ఆదివారం తెల్లారగానే పని మొదలు. నీ మొగుడు ఎంత అలవాటు మనిషో చూడు, ముందు సంచీలోంచి తెల్లగుడ్డ తీసి కుచ్చిళ్ళమ్మ మెడకి కట్టబోయాడు. గుడ్డ సగం మెడకి కూడా రాలేదు. తరవాత దాని ముందు గొంతుక్కూచుని, "ఏమమ్మా, మీ ఊళ్ళో వానలెలా ఉన్నాయి?" అని కబుర్లు మొదలెట్టాడు. నేను దాని తల పట్టుకుని బెల్లం తినిపిస్తున్నాను. నన్ను ముట్టుకోనివ్వని గుర్రం ఆయన మాటలు వింటూ నిలబడిపోయింది! కింద దువ్వెన పెట్టి, పైన కత్తెర ఆడిస్తూ, పైనుంచి కిందికి తీసుకుంటూ వచ్చాడు. మట్టికి కత్తెర పదును పోతే ఆగి నూరుకున్నాడు. తెల్లటి పాయలు నా పాదాల మీద పడుతుంటే నా గుండె తరుక్కుపోయింది. ఎన్ని పూటలు కడిగిన కుచ్చిళ్ళు!

మడమ వెనక గుంట దగ్గరికి వచ్చేసరికి బావ మాటలు ఆగిపోయాయి. బావ మాటలు ఆగడం నువ్వెప్పుడైనా విన్నావా? వంగి చూశాను. చర్మమంతా అడ్డంగా పగిలిపోయి, పొక్కులు చెక్కులు కట్టి, రసి కారుతోంది. నాలుగు కాళ్ళకీ అంతే. పైన అంత అందం, కింద ఇంత బాధ. ఇన్నాళ్ళూ దీని మీదే నిలబడి బండి లాగిందా అని దాని మెడ పట్టుకుని ఏడ్చేశాను. బావ మాత్రం లేచి నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఏడుస్తావేంరా, ఇది నేను గడ్డాల్లో చూసిన రోగం లాగే ఉంది!" అన్నాడు.

సోమవారం డాక్టరు వచ్చాడు. నెత్తురు బొట్టు తీసి భూతద్దాల గొట్టం కింద పెట్టి చూశాడు. ఎంతసేపు చూశాడనుకున్నావు! దొర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బావ లోలోపల అప్పన్న నామం చదువుకుంటున్నాడు. చివరికి డాక్టరు తలెత్తి, "సుర్రా కాదు," అన్నాడు. తరవాత కాళ్ళు చూసి, "గాల్ ద బూ," అన్నాడు. అంటే బురద గజ్జి. వానాకాలం బురదలో తిరిగే గుర్రాలకి, అందులోనూ కాళ్ళ మీద ఇంతేసి వెంట్రుక ఉన్నవాటికి వస్తుందట. ఇంక కొన్నాళ్ళు ఆగితే కాళ్ళు పనికిరాకుండా పోయేవట. వెంట్రుకలు తీయడం మంచి పని అయిందన్నాడు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో చెక్కులు నానబెట్టి మెల్లగా ఊడదీయాలి, బాగా తుడిచి ఆరనివ్వాలి, గంధకం కలిపిన లేపనం రాయాలి, పొడి చెరుకు పిప్పి మీద నిలబెట్టాలి. అంతే. నెలలో తిరుగుతుందన్నాడు!

దొర తుపాకీ నా చేతికిచ్చి, "తీసుకెళ్ళి లోపల పెట్టు," అన్నాడు. పరిగెత్తాను.

ఈ రోగం ఎందుకొచ్చిందో కూడా డాక్టరు చెప్పాడు. అది రాయడానికి ఈ కాగితం చాలదు.

కాలినీలాలు మూటగట్టి బావ చేతికిచ్చాను. జాగ్రత్తగా అందుకో.

నీ తమ్ముడు.

*

లాల్మతీ,
ఆగస్టు.

చిరంజీవి మునుస్వామికి అక్క దీవెనలు. కుచ్చిళ్ళమ్మకి కూడా దీవెనలు, నీకంటే కొంచెం పెద్దవి.

బతికింది అన్న మాట చదివి నేను వీధిలోకి పరిగెత్తి కనపడిన వాళ్ళందరికీ బెల్లం పంచాను. సగం గడ్డం అప్పలస్వామికి రెండు ముక్కలు.

ఇక కాగితం చాలలేదన్నావే, వెనక వైపంతా ఖాళీగానే ఉంది నాయనా. మీ బావ గుమ్మంలో మూట దించకముందే చెప్పేశాడు. డాక్టరు ఆ కాళ్ళు చూసి, "రోజూ సాయంత్రం వీటిని ఇంత శుభ్రంగా కడిగేది ఎవరు?" అని అడిగాడట. నువ్వు మీసం మీద చెయ్యి వేసుకుని ముందుకొచ్చి, "నేనే, డాక్టరు గారూ" అన్నావట. అప్పుడాయన, ఆ తడి ఆరకే ఇదంతా వచ్చిందన్నాడట. మట్టిని ఆరనిచ్చి దులిపేస్తే చాలని, కడిగితే తుడవాలని, లేకపోతే ఆ వెంట్రుకల కింద రాత్రంతా తడి నిలిచిపోతుందని చెప్పాడట. బావ ఇది చెపుతూ నవ్వలేక చచ్చాడు.

నాకు దాచావెందుకో తెలుసు. అమ్మ నేర్పింది తప్పయిందని నేను బాధ పడతాననేగా? పిచ్చివాడా! అమ్మ కాళ్ళు కడుక్కోమంది. తుడుచుకోమని కూడా అంది. గుమ్మంలో చెంబు పక్కనే గోనె ముక్క ఉండేది, గుర్తుందా? నువ్వే ఏనాడూ తుడుచుకోలేదు. తడికాళ్ళతో చాప మీదికి ఎక్కేవాడివి, "ఓరి మునిగా, తుడుచుకోరా!" అని అమ్మ వెనకాల అరుస్తుండేది. ఇన్నేళ్ళకి ఆ అరుపు పట్నం డాక్టరు నోట విన్నావు, అంతే. నీ ఉత్తరం చూసి కడుగు నాయనా కడుగు అని కళ్ళనీళ్ళు పెట్టుకున్న నాకు మాత్రం ఏం గుర్తొచ్చింది గనక!

నీలాలు చెల్లించాను. అదో కథ. పూజారి కృష్ణమూర్తి గారు మూట విప్పి, "అబ్బ, ఎంత తెల్లగా ఉన్నాయమ్మా, పెద్దావిడవా?" అన్నారు.

"పెద్దదేనండీ. మీకంటే ఎత్తు."

"పేరు?"

"కుచ్చిళ్ళమ్మ."

"గోత్రం?"

స్కాట్లండులో గోత్రాలుంటాయో లేదో నాకేం తెలుసు? నాలుగు క్షణాలు ఆలోచించి మన పుట్టింటి గోత్రమే చెప్పేశాను. ఆయన ఆ పేరునా గోత్రానా శుభ్రంగా పూజ చేసి హారతిచ్చాక, అది గుర్రమని చెప్పాను. కాసేపు నన్ను చూసి, "చెప్పేశాం కదా, ఇంకేం చేస్తాం, మీ ఇంటి పిల్లే," అన్నారు.

ఇంకో మాట. ఇది నేనే నీకు చెప్పలేదు. గుర్రం నీలాలు ముందే ఇచ్చేస్తున్నాం కదా, మరి పని అయ్యాక ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలిగా? లేకపోతే స్వామికి పట్టింపు ఏముంటుంది? అందుకని ఆ రోజు నీ మీసం కూడా మొక్కుకున్నాను.

అక్క.

*

లెస్కాలియే,
ఆగస్టు.

అక్కా,

ఇదేం అన్యాయం! గుర్రం బాగుపడకపోతే మీసం దొర గోడకి, బాగుపడితే దేవుడికి. ఎటైనా పోయేది నాదేనా? మా పుట్టింటి పరువు అన్నదానివి నువ్వే కదా! కొబ్బరికాయలు కొడతాను, ఎన్నంటే అన్ని. స్వామిని మరోసారి అడిగి చూడు.

మునుస్వామి.

*

లాల్మతీ,
ఆగస్టు.

అడిగాను. మీసమే అన్నారు.

అక్క.

*

లెస్కాలియే,
నవంబరు.

పూజ్యురాలైన అక్కకి తమ్ముడి నమస్కారాలు.

కోపం పోయింది. రెండు నెలలు ఉత్తరం రాయనిది కోపంతో కాదు, తీరిక లేక. కుచ్చిళ్ళమ్మ మళ్ళీ బండి లాగుతోంది! వానలు వెనకబట్టాయి, దారులు గట్టిపడ్డాయి. చెక్కులన్నీ ఊడిపోయి కింద గులాబీ రంగు చర్మం వచ్చింది, దాని మీద ఇప్పుడు తెల్లటి వెంట్రుక వేలెడంత మొలిచింది. దొర వారానికోసారి వచ్చి వంగి చూసుకుని, నా మీసం వైపు కొంచెం నిరాశగా చూసి వెళతాడు.

నా పద్ధతి అంతా మారిపోయింది. పొలం నుంచి రాగానే నీళ్ళు ముట్టుకోను. గాలి తగిలే చోట పొడి పిప్పి మీద నిలబెడతాను. మట్టి ఆరి బెరళ్ళు కట్టాక బ్రష్షుతో దులుపుతాను. మరీ బురదగా వచ్చిన రోజు కడుగుతాను, కడిగితే మాత్రం గోనె ముక్కతో డెక్క వెనక గుంటలోకి వేలు పెట్టి మరీ తుడుస్తాను. ఆ గోనె ముక్క లాయం గుమ్మంలో మేకుకి వేలాడుతుంటుంది. ఇప్పుడు అది రాగానే తనంతట తనే ఆగి, ముందు కుడికాలు ఎత్తి ఇస్తుంది. తుడవకుండా లోపలికి అడుగు పెట్టదు. నాకంటే తొందరగా నేర్చుకుంది.

మొన్న ఆఖరి చెరుకు బండి మిల్లుకి వెళ్ళింది. బండికంతా పూలూ, జెండాలూ కట్టారు. ఎప్పుడూ కంచరగాడిదలే లాగే ఆ బండికి ఈసారి దొర కుచ్చిళ్ళమ్మని కట్టమన్నాడు. డప్పులు వాయిస్తూ మిల్లు దాకా అందరం నడిచాం. పాపమ్మ తన చేత్తో దండ గుచ్చి దాని మెడలో వేసింది. నాకు వేయలేదు. అది చూడాల్సిన నడక అక్కా! కాళ్ళకి కుచ్చిళ్ళు లేకపోతేనేం, తల ఎత్తుకుని, ఒక్క కాలు తడబడకుండా నడిచింది. మిల్లు దగ్గర దొర అందరి ముందూ చెప్పాడు: ఇకనుంచి ఏటా చలికాలం వానలకి ముందే బ్లాంష్ కాళ్ళకి కత్తెర పెట్టాలని, పెట్టేది మన బావ, లాల్మతీ ఎంకన్నే అని. "మీ అక్క దేవుడికి ప్రతి ఏడూ పంపించు," అన్నాడు నాతో. బావకి చెప్పు, కొత్త కత్తెర కొనుక్కోమని.

వచ్చే ఆదివారం వస్తున్నాను. కత్తి పదును పెట్టి ఉంచమను.

మునుస్వామి.

*

లాల్మతీ,
డిసెంబరు.

చిరంజీవి మునుస్వామికి,

నువ్వు క్షేమంగా చేరి ఉంటావు. నిన్న కోవెల మెట్ల మీద మీ బావ నీ మీసం తీసి పటిక రాసి సెంటు పూస్తుంటే నేను నవ్వుతానని ముందే అనుకున్నాను, నవ్వాను కూడా. ఊరంతా నవ్వింది. కానీ తీరా నువ్వు తలెత్తి చూసేసరికి నా నవ్వు ఆగిపోయింది. అది నీకు అక్కడ చెప్పలేకపోయాను. మీసం లేకపోతే నువ్వు అచ్చం అమ్మవిరా. అదే పై పెదవి, అదే కోపం నటించే మూతి. రైలు కదిలేదాకా అందుకే నిన్ను అలా చూస్తుండిపోయాను. మళ్ళీ పెంచుకో, కానీ తొందరేం లేదు.

గుర్రం ఏమంది?

అక్క.

*

లెస్కాలియే,
డిసెంబరు.

అక్కకి,

గుర్రం ఏమందో చెపుతాను.

పాపమ్మ గుమ్మంలో నన్ను చూసి, ఎవరో అనుకుని పైట సవరించుకుంది. తరవాత కింద కూలబడి నవ్వింది. ఆవిణ్ణి అలా వదిలేసి లాయానికి వెళ్ళాను. నేను లేని రోజు దాన్ని ఎవరూ సరిగా చూసి ఉండరని నా బెంగ. కుచ్చిళ్ళమ్మ నన్ను చూసి చెవులు వెనక్కి పెట్టింది. దగ్గరికి వెళితే నా మొహమంతా వాసన చూసింది, ముక్కు కింద రెండోసారి చూసింది. బావ పూసిన సెంటు దాని మొహాన కొట్టినట్టుంది, గట్టిగా తుమ్మి వెనక్కి తగ్గిపోయింది. పేరు పెట్టి పిలిచాను. రాలేదు. బెల్లం చూపించాను. బెల్లానికి కూడా రాలేదక్కా! నువ్వు అమ్మలా ఉన్నావన్నావు గాని, అమ్మని అదెప్పుడు చూసింది పాపం?

అక్కడే నిలబడి ఏం చేయాలా అని ఆలోచించాను. నా కాళ్ళు చూసుకున్నాను. దారంతా తడిసి మట్టి కొట్టుకుని ఉన్నాయి. సరే, ముందు ఇవైనా శుభ్రం చేసుకుందామని చెంబుతో నీళ్ళు పోసుకుని, గుమ్మంలో మేకుకున్న గోనె ముక్క తీసి వంగి తుడుచుకుంటున్నాను. నా భుజానికి ఏదో తగిలింది. తలెత్తితే కుచ్చిళ్ళమ్మ నా పక్కనే ఉంది.

ముందు కుడికాలు ఎత్తి నా చేతిలో పెట్టింది.

నీ తమ్ముడు,
మునుస్వామి.